మొదటిసారి గోవా ఫిలిం ఫెస్టివల్‌కి వెళ్తున్నాం, ఏ విదేశీ సినిమాలు చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీరు నలుగురు స్నేహితులు, అమలాపురం దగ్గరి ఊరు. నవంబరులో గోవా ఫెస్టివల్‌కి మొదటిసారి వెళ్తున్నారు. ఇన్నాళ్లూ తెలుగు సినిమాలు, ఈమధ్య కొన్ని కొరియన్ సిరీస్‌లు తప్ప వేరే చూడలేదు. అక్కడ అన్ని సినిమాలు ఉంటే విమర్శకులు మెచ్చిన విదేశీ సినిమాల్లో ఏవి ఎంచుకోవాలి, అవి మాకు అర్థమవుతాయా, బోర్ కొడతాయా అని అడిగారు.

సూటిగా చెప్తాను. అవార్డుల జాబితా పట్టుకుని వెళ్లకండి. మీకు బాగా తెలిసిన విషయం మీద, మీకు బొత్తిగా తెలియని దేశంవాళ్లు తీసిన సినిమా పట్టుకోండి. వరద, ఆనకట్ట, ముంపు, మారుమూల ఊరికి పోస్టింగు, పిల్లలంతా దూరంగా ఉండిపోయిన పెద్దవాళ్లు, సినిమా పిచ్చి... ఇవన్నీ గోదావరి జిల్లాల వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. విషయం ముందే తెలిసినప్పుడు 'ఏం జరుగుతోంది' అన్న కంగారు ఉండదు. అప్పుడు దర్శకుడు దాన్ని ఎలా చూపిస్తున్నాడు, ఎక్కడ ఆగాడు, ఏది చెప్పకుండా వదిలేశాడు అన్నది కంటికి ఆనుతుంది. విమర్శకులు మెచ్చుకునేది చాలావరకు దాన్నే.

నేను కాకినాడ వైపు ఫిల్మ్ సొసైటీ పనుల్లో చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. ప్రొజెక్టర్ మోసుకెళ్లి స్కూళ్లలో, లైబ్రరీ హాళ్లలో, ఒక్కోసారి కమ్యూనిటీ హాళ్లలో సినిమాలు వేస్తుంటాం. గోవాకీ తిరువనంతపురానికీ వీలైనప్పుడల్లా వెళ్తుంటాను. కింద చెప్పేవి చాలావరకు మన వైపు జనంతో కూర్చుని చూసినవి, లేదా ఫెస్టివల్ క్యూల్లో నిలబడి చూసినవి.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఈ ఏడాది గోవాలో ఏమేం వేస్తారో పూర్తి జాబితా ఫెస్టివల్ దగ్గర పడ్డాక గానీ రాదు. అందుకని నేను చెప్పేవి చాలావరకు పాత సినిమాలు. వాటిలో నాలుగైదు ఇంటి దగ్గరే చూసి వెళ్లండి. ఆ దర్శకుల కొత్త సినిమా గానీ, ఆ దేశం సినిమా గానీ జాబితాలో కనిపిస్తే టిక్కు పెట్టుకోండి.

మన వైపు వాళ్లకి నేను మొట్టమొదట చెప్పేది 'స్టిల్ లైఫ్'. చైనా దర్శకుడు జియా ఝాంగ్‌కే తీశాడు. 2006లో ఇటలీలోని వెనిస్ ఫెస్టివల్లో పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ వచ్చింది. యాంగ్‌ట్జీ నది మీద త్రీ గార్జెస్ ఆనకట్ట. దాని కింద ఫెంగ్‌జీ అనే రెండు వేల ఏళ్ల నాటి పట్నం మునిగిపోతోంది. నీళ్లు పూర్తిగా వచ్చేలోగా మిగిలిన ఇళ్లని కూలీలు సుత్తులతో పడగొడుతుంటారు. అది సెట్టింగు కాదు, నిజంగా పడగొడుతుండగానే అక్కడికి వెళ్లి తీశారు. పదహారేళ్ల కిందట వెళ్లిపోయిన భార్యనీ, కూతురినీ వెతుక్కుంటూ ఒక బొగ్గుగని కార్మికుడు ఆ ఊరు వస్తాడు. చేతిలో పాత అడ్రసు కాగితం. బైకు అతను ఎక్కించుకుని తీసుకెళ్లి నీళ్ల దగ్గర దింపుతాడు. నువ్వు చెప్పిన వీధి అదిగో, ఆ నీళ్ల అడుగున ఉంది అంటాడు. ఎవరూ ఏడవరు, నేపథ్య సంగీతం హోరెత్తదు.

పోలవరం ముంపు గ్రామాల నుంచి వచ్చి పునరావాస కాలనీలో ఉంటున్న కొందరితో కలిసి నేనీ సినిమా చూశాను. చైనా భాష, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్. మధ్యమధ్య మావాడొకడు తెలుగులో చెప్తూ వచ్చాడు. సినిమాలో గోడల మీద గీత గీసి, నీళ్లు ఇక్కడిదాకా వస్తాయని అంకె రాసి ఉంటుంది. ఆ సీను రాగానే హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. పోలవరం ముంపులో కాంటూరు అంకె, అంటే ఆ చోటు ఎంత ఎత్తులో ఉందో చెప్పే లెక్క, తెలియని ఇల్లు ఉండదు కదా. మీ ఇల్లు 41.15 మీటర్ల లోపలా, పైనా అన్నదాన్ని బట్టే ఎవరిని ముందు ఖాళీ చేయిస్తారో తేలింది. వాళ్లకి ఆ సీను ఎవరూ విడమరిచి చెప్పలేదు. మరి మనలాంటి చూసేవాళ్లు ఏం గమనించాలి? అదే సినిమాలో ఉన్నట్టుండి ఒక భవనం రాకెట్‌లా ఆకాశంలోకి లేచిపోతుంది. అంతవరకూ డాక్యుమెంటరీలా నడిచిన సినిమాలో అలా ఎందుకు పెట్టాడు? సినిమా అయ్యాక టీ దగ్గర గంటసేపు దాని గురించే వాదన. ఒక పెద్దాయన మాత్రం చాలా మామూలుగా, 'ఊరే లేచిపోతుంటే బిల్డింగు లేవడం వింతేంటండీ' అన్నారు. ఆ సీను మీద నేను చదివిన వ్యాసాలన్నిటి కన్నా నాకు అదే నచ్చింది.

వరద సంగతికొస్తే 'ఫ్లో'. లాట్వియా అనే చిన్న దేశం నుంచి గింట్స్ జిల్బలోడిస్ అనే కుర్రాడు తీసిన యానిమేషన్. 2024లో ఫ్రాన్స్‌లో జరిగే కాన్ ఫెస్టివల్లో వేశారు, 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ కూడా వచ్చింది. లాట్వియాకి అదే మొదటి ఆస్కార్. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేశారు, ఇంజనీరింగ్ చదివే మీ స్నేహితులకి ఆ ముక్క చెప్పండి. కథ ఇంతే: నీళ్లు పెరుగుతాయి, ఒక పిల్లి పడవెక్కుతుంది. పడవలో ఇంకొన్ని జంతువులు. సినిమా మొత్తం మీద ఒక్క మాట ఉండదు, ఒక్క మనిషి కనిపించడు. ఇళ్లు మాత్రం ఉంటాయి.

లంక గ్రామాల్లో పుట్టినవాడికి ఈ సినిమా ఇంకోలా ఉంటుంది. ఎర్రనీరు దిగి కనకాయలంక కాజ్‌వే మునిగిపోవడం, గేదెల్ని తోలుకుని ఏటిగట్టు మీదికి చేరడం, 1986 వరద గురించి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవి, 2022 జూలైలో మీరే కళ్లారా చూసినవి... ఇవన్నీ వెనకాల ఉంటాయి. లంకలో ఒక హైస్కూల్లో ఈ సినిమా గురించి పిల్లలతో మాట్లాడినప్పుడు, పిల్లి మొదట్లో పడవలో మిగతావాటికి దూరంగా ఎందుకు కూర్చుందని అడిగాను. 'గట్టు మీద కూడా మొదటిరోజు అంతేనండి, తర్వాత్తర్వాత అందరూ కలిసి వండుకుంటారు' అన్నాడొక ఎనిమిదో క్లాసు పిల్లాడు. సబ్‌టైటిల్స్ చదవడం భయంగా ఉంటే ఇలాంటి మాటల్లేని సినిమాతో మొదలుపెట్టండి. కెమెరా ఎప్పుడూ పిల్లి కంటి ఎత్తులోనే తిరుగుతుంటుంది, అది గమనించండి.

ఇప్పుడు పోస్టింగు కథలు. ఇక్కడ రెండు సినిమాలు పక్కపక్కన చూడమంటాను. మొదటిది భూటాన్ సినిమా 'లునానా: ఎ యాక్ ఇన్ ద క్లాస్‌రూమ్', 2019. ఆస్ట్రేలియా వెళ్లిపోవాలని కలలు కంటున్న ఒక కుర్ర టీచర్ని రోజుల తరబడి నడిస్తే గానీ చేరలేని కొండల్లో బడికి వేస్తారు. కరెంటు లేదు, యూనిట్ సౌర విద్యుత్తు మీద ఆధారపడి షూటింగు చేసింది. పిల్లల్లో చాలామంది అక్కడివాళ్లే. ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఎవరికైనా నచ్చుతుంది, మీ అమ్మగారికి కూడా చూపించొచ్చు. రెండోది టర్కీ దర్శకుడు నూరి బిల్గే జెలాన్ తీసిన 'అబౌట్ డ్రై గ్రాసెస్', 2023. ఇందులోనూ మంచు కురిసే మారుమూల ఊళ్లో డ్రాయింగు మాస్టారు. ఇస్తాంబుల్‌కి ట్రాన్స్‌ఫర్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటాడు. కానీ ఈయన మంచి మాస్టారు కాదు. చిన్నబుద్ధి, అహంకారం, ఊరన్నా మనుషులన్నా చిన్నచూపు. ఒక విద్యార్థిని ఆయన మీద ఫిర్యాదు చేస్తుంది. మూడు గంటల పైన నడుస్తుంది, ఎక్కువ భాగం గదుల్లో మాటలే. ఇందులో నటించిన మెర్వే దిజ్దార్‌కి కాన్‌లో ఉత్తమ నటి అవార్డు ఇచ్చారు.

ఏజెన్సీకి పోస్టింగు వచ్చిన టీచర్లు మా స్నేహితుల్లో చాలామంది ఉన్నారు. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు చేసినవాళ్లు. వాళ్లకి 'లునానా' చూపిస్తే నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు. జెలాన్ సినిమా చూపిస్తే ఒకాయన చిరాకు పడ్డారు. మర్నాడు ఆయనే ఫోన్ చేసి, 'వాడు మా స్టాఫ్‌రూమ్‌లో ఉన్నాడు కదండీ, పేరు చెప్పను' అన్నారు. నా వరకు రెండోదే గొప్ప సినిమా. 'లునానా' మనకి నచ్చేలా ఉండాలని కష్టపడుతుంది. జెలాన్‌కి ఆ పట్టింపు లేదు. అయినా వరుస మాత్రం మార్చకండి: ముందు 'లునానా', తర్వాతే అది.

పెద్దవాళ్ల కథ అంటే 'టోక్యో స్టోరీ'. జపాన్, 1953, దర్శకుడు ఒజు. చిన్న పట్నంలో ఉండే ముసలి దంపతులు టోక్యోలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వెళ్తారు. పిల్లలు చెడ్డవాళ్లేం కాదు, పనుల్లో ఉన్నారు. అమ్మానాన్నల్ని ఏం చేయాలో తోచక ఒక వేడినీటి బుగ్గల ఊరికి పంపేస్తారు. యుద్ధంలో చనిపోయిన కొడుకు భార్య ఒక్కతే సెలవు పెట్టి ఊరంతా తిప్పి చూపిస్తుంది. మన వైపు మేడ మీద గదులన్నీ తాళాలు వేసి ఉండే ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆరు నెలలు అమెరికా వెళ్లొచ్చిన అమ్మమ్మని కూర్చోబెట్టి ఈ సినిమా వేయండి, ఆవిడ ఏ సీను దగ్గర ఏమంటుందో విని రాసుకోండి. చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తులో కెమెరా పెట్టి దాదాపుగా కదపకుండా తీశాడు. మొదటి అరగంట నత్తనడకగా అనిపిస్తుంది, ఫర్వాలేదు. 2012లో 'సైట్ అండ్ సౌండ్' అనే బ్రిటిష్ సినిమా పత్రిక ప్రపంచ దర్శకుల్ని అడిగితే, అన్ని కాలాల్లోనూ గొప్ప సినిమాగా దీన్నే మొదట పెట్టారు. ఇలాంటి పాత సినిమా శుభ్రం చేసిన కొత్త ప్రింటు ఫెస్టివల్లో వేస్తున్నారంటే, అదే టైముకి ఏ కొత్త సినిమా ఉన్నా వదిలేసి దీనికే వెళ్లండి. కొత్తది ఏదో ఒక ఓటీటీలో వస్తుంది. ఒజుని పెద్ద తెర మీద చూసే అవకాశం రాజమండ్రిలో రాదు.

ఇరాన్ గురించి చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. అందరూ 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' చెప్తారు. మంచి సినిమానే, బూట్ల జత కోసం అన్నాచెల్లెళ్ల కథ, చూడండి. కానీ మన గోదావరి వాళ్లకి ఇంకా బాగా పట్టేది కియరోస్తమి తీసిన 'క్లోజప్', 1990. ఒక పేదవాడు బస్సులో కలిసిన ఆవిడతో, నేనే ఫలానా దర్శకుణ్ణి అని అబద్ధం చెప్తాడు. అప్పట్లో పేరున్న మఖ్మల్‌బాఫ్ పేరు చెప్పుకుంటాడు. మీ ఇంట్లోనే షూటింగు, మీ అబ్బాయిలకి వేషాలు అంటాడు. చివరికి పోలీసులు పట్టుకుంటారు. ఇది నిజంగా జరిగింది. కియరోస్తమి కోర్టుకి వెళ్లి విచారణ తీశాడు. తర్వాత ఆ మోసం చేసిన మనిషి చేతా, మోసపోయిన కుటుంబం చేతా ఎవరి పాత్ర వాళ్ల చేతే నటింపజేశాడు.

దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ పుట్టిన పాలకొల్లు పక్కనే ఉన్నవాళ్లం. పాపికొండల దగ్గర్నుంచి అంతర్వేది దాకా షూటింగు జరగని రేవు లేదు. 'నాకు ఆ డైరెక్టర్ బాగా తెలుసు, వేషం ఇప్పిస్తా' అనేవాణ్ణి మీరు కనీసం ఒకణ్ణైనా చూసి ఉంటారు. మనం వాణ్ణి వెటకారం చేసి వదిలేస్తాం. కియరోస్తమి వదల్లేదు. నువ్వు ఎందుకు అలా చెప్పావని అడిగి, వాడు చెప్పేదంతా ఓపిగ్గా విన్నాడు. డబ్బు కోసమా, గౌరవం కోసమా, సినిమా మీద పిచ్చితోనా అన్నది మీరే తేల్చుకోండి. భీమవరంలో దీన్ని వేసినప్పుడు హాల్లో సగంమంది షార్ట్ ఫిల్మ్ కుర్రాళ్లే. వాళ్లంత నిశ్శబ్దంగా ఇంకే సినిమా చూడటం నేను చూడలేదు.

ఇరాన్ నుంచే జాఫర్ పనాహీ పేరు గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వం ఆయన్ని సినిమాలు తీయొద్దని నిషేధించింది, జైల్లో పెట్టింది. అయినా తీస్తూనే ఉన్నాడు. కాన్, వెనిస్, బెర్లిన్ మూడింటిలోనూ పెద్ద బహుమతి అందుకున్న అతి కొద్దిమందిలో ఒకడు. 2025లో కాన్‌లో పెద్ద బహుమతి పామ్ డోర్ గెలిచిన 'ఇట్ వజ్ జస్ట్ యాన్ యాక్సిడెంట్' ఆయనదే. ఒక మెకానిక్ ఒకప్పుడు జైల్లో కళ్లకు గంతలతో చిత్రహింసలు పడ్డాడు. ఇన్నేళ్ల తర్వాత తన షెడ్డుకి వచ్చిన ఒకాయన కొయ్యకాలి కిర్రుమనే చప్పుడు వినగానే, వీడే ఆ మనిషి అనుకుంటాడు. మొహం ఎప్పుడూ చూడలేదు, చప్పుడొక్కటే సాక్ష్యం. ఫోన్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చూసేవాడికి కథ అందుతుంది గానీ, ఆ చప్పుడు చీకటి హాల్లో వెనకనుంచి వచ్చినప్పుడు కలిగే గుబులు అందదు.

అన్నట్టు, ఫెస్టివల్లో సినిమా ఎంచుకోవడానికి శబ్దం కూడా ఒక కొలమానం. 2023 నాటి 'ద జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్'లో తెర మీద కనిపించేది ఒక నాజీ అధికారి కుటుంబం, పూలతోట, పిల్లల ఆటలు. గోడ అవతల ఆష్విట్జ్ మరణ శిబిరం. దాన్ని చూపించరు, వినిపిస్తారు. దానికి సౌండ్ విభాగంలో ఆస్కార్ వచ్చింది. ఇలాంటివి థియేటర్లో చూస్తేనే చూసినట్టు.

ఇక మీ రెండో ప్రశ్న. బోర్ కొడతాయా? కొన్ని కొడతాయి. ఆ విషయం ఎవరూ పైకి చెప్పరు గానీ, ఫెస్టివల్లో గురకలు వినిపించని హాలు ఉండదు. నేను చెప్పేదల్లా, నెమ్మదిగా ఉండే సినిమానీ చెడ్డ సినిమానీ ఒకే గాటన కట్టొద్దని. బెల్జియం దర్శకురాలు షాంతాల్ ఆకెర్మాన్ 1975లో తీసిన 'జాన్ దీల్‌మాన్' మూడు గంటల ఇరవై నిమిషాలు. ఒక గృహిణి మూడు రోజుల ఇంటిపని. బంగాళాదుంపల తొక్క తీస్తుంటే తీస్తున్నంతసేపూ చూపిస్తారు. 2022లో 'సైట్ అండ్ సౌండ్' విమర్శకుల ఓటింగులో దీనికే మొదటి స్థానం వచ్చింది. ఇంట్లో దీన్ని చూస్తున్నప్పుడు మా ఆవిడ పక్కన కూర్చుంది. రెండో రోజు ఆ గృహిణి దుంపలు ఎక్కువ ఉడికించేస్తుంది. 'ఏదో జరిగింది, ఈవిడ చెయ్యి తప్పింది' అని మా ఆవిడ వెంటనే అంది. నిజంగానే సినిమా అంతా అక్కడి నుంచి జారడం మొదలవుతుంది. వంటింట్లో బతికినవాళ్లకి అందులో ప్రతి నిమిషం ఒక సంఘటనే. అయినా మొదటిసారి వెళ్తున్న మీకు నేను దీన్ని చెప్పను. మూడో రోజో నాలుగో రోజో, నిద్ర బాగా పట్టిన మర్నాడు పొద్దున ఇలాంటిదొకటి ప్రయత్నించండి. హంగరీ దర్శకుడు బేలా తార్ తీసిన ఏడు గంటల పైచిలుకు 'సాటాన్‌టాంగో' లాంటివి ఇంకో నాలుగేళ్లు ఆగినా ఏం కాదు.

నచ్చకపోతే లేచి వచ్చేయొచ్చా? రావచ్చు, అందులో సిగ్గేమీ లేదు. అరగంట ఇవ్వండి. అప్పటికీ పట్టు దొరక్కపోతే తలొంచుకుని గమ్మున బయటికి వచ్చేయండి, ఫోన్ లైటు వేయకుండా.

అర్థం కావడం గురించి ఒక జాగ్రత్త. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులోనే ఉంటాయి, అవి కూడా గబగబా మారిపోతాయి. ఇరాన్‌కే చెందిన అస్గర్ ఫర్హాదీ 'ఎ సెపరేషన్' లాంటి సినిమాల్లో అందరూ ఒకేసారి వాదించుకుంటుంటారు. చదివేలోపు వాక్యం పోతుంది. ఇలాంటివి ముందు ఇంట్లో ఆపుకుంటూ చూడండి. హాల్లో మధ్య వరసల్లో, కాస్త ఎత్తుగా ఉన్న సీట్లో కూర్చోండి. ముందువాడి తల అడ్డొస్తే సగం సినిమా పోయినట్టే. రెండో రోజుకల్లా కళ్లు అలవాటు పడతాయి.

అవార్డుల మీద నాకు ద్వేషమేమీ లేదు. కాన్, వెనిస్, బెర్లిన్ బహుమతులకి విలువుంది. కానీ ఏ ఏడాదికి ఆ ఏడు కొద్దిమంది జ్యూరీ కూర్చుని తేల్చేవే అవి. 2021లో పామ్ డోర్ వచ్చిన 'టిటాన్'ని మొదటిరోజు మొదటి ఆటగా చూస్తే మీలో ఇద్దరు రాత్రి రైలుకే తిరుగు ప్రయాణం కడతారు. ఒళ్లు జలదరించే హింస ఉంటుంది. 2022లో గెలిచిన 'ట్రయాంగిల్ ఆఫ్ సాడ్‌నెస్' ధనవంతుల మీద వెటకారం. చెప్పిందే చెప్తాడు, నాకంత నచ్చలేదు. 2024లో గెలిచిన 'అనోరా'కి తర్వాత ఆస్కార్ ఉత్తమ చిత్రం కూడా వచ్చింది, మన దేశంలోనూ చూసే వీలు వచ్చింది. అంటే పెద్ద బహుమతి వచ్చినవి ఎలాగూ మనదాకా వస్తాయి. రానివి లాట్వియా, సెనెగల్, జార్జియా, చిలీ లాంటి చోట్ల నుంచి వచ్చే చిన్న సినిమాలు. ఫెస్టివల్ అంటూ ఉన్నది వాటి కోసమే.

కాబట్టి షెడ్యూల్ చేతికి రాగానే ప్రతి సినిమా కింద ఇచ్చే నాలుగు లైన్ల కథా సారాంశం చదవండి. అందులో ఒక మనిషి, ఒక చోటు, ఒక చిక్కు స్పష్టంగా కనిపిస్తే మార్కు చేసుకోండి. 'మానవ అస్తిత్వపు లోతుల్లోకి ప్రయాణం' లాంటి మాటలు తప్ప ఏమీ లేకపోతే ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ట్రైలర్లు చూడొద్దు, రివ్యూలు సినిమా అయ్యాక చదవండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇంటి నుంచి చెల్లెళ్లనో తమ్ముళ్లనో తీసుకెళ్లే ఆలోచన ఉంటే. ఫెస్టివల్లో వేసే విదేశీ సినిమాలకి కేంద్ర ప్రభుత్వం సెన్సార్ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఇస్తుంది. కత్తిరింపులు ఉండవు. 1986లో హైదరాబాద్‌లో ఫిల్మోత్సవ్ అనే ఫిలిం ఫెస్టివల్ జరిగిన రోజుల నుంచీ ఆ ఒక్క కారణంతో క్యూ కట్టేవాళ్లు ఉన్నారు, వాళ్ల సంగతి వదిలేయండి. సారాంశం చదవకుండా మాత్రం చిన్నవాళ్లని ఏ హాల్లోకీ తీసుకెళ్లొద్దు.

మిగతా ఏర్పాట్లు త్వరగా చెప్పేస్తాను. డెలిగేట్ రిజిస్ట్రేషన్, అంటే ఫెస్టివల్ చూడ్డానికి పేరు నమోదు, ఆన్‌లైన్‌లో ముందే చేసుకోండి, విద్యార్థి అయితే ఐడీ కార్డు దగ్గరుంచుకోండి. సినిమాకి సీటు కూడా ముందుగా బుక్ చేసుకోవాలి. పేరున్న సినిమాలకి నిమిషాల్లో అయిపోతాయి. దొరక్కపోతే క్యూలో నిలబడండి, ఖాళీలుంటే పంపిస్తారు. ఆట టైముకే మొదలవుతుంది, ఇంటర్వెల్ ఉండదు. రాజమండ్రి మీదుగా వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది, రోజూ ఉండదు కాబట్టి తేదీలు చూసుకుని టికెట్లు ముందే తీసుకోండి. గోవా కుదరకపోతే డిసెంబరులో తిరువనంతపురంలో కేరళ ఫెస్టివల్ ఉంటుంది. సినిమాలకైతే నా ఓటు దానికే. చూసేవాళ్లు అంత శ్రద్ధగా చూస్తారు, క్యూలో వినే మాటలతోనే సగం ఎంపిక అయిపోతుంది.

రోజుకు మూడు సినిమాలు మించొద్దు. ఐదు చూశామని చెప్పుకునేవాళ్లు కనిపిస్తారు. సంక్రాంతికి నాలుగిళ్లలో భోంచేసి వచ్చినవాణ్ణి ఏ కూర బాగుందని అడిగితే ఏం చెప్తాడు? మూడిట్లో ఒకటి మీకు తెలిసిన విషయం మీద, ఒకటి పాత సినిమా, ఒకటి పేరు కూడా పలకడం రాని దర్శకుడిది పెట్టుకోండి. మూడోది తేలిపోయినా ఆ రోజు వృథా కాదు.

నలుగురూ కలిసి ఒకే సినిమాకి వెళ్లకండి, ఈ మాట అందరికీ చెప్తాను, ఎవరూ వినరు. ఇద్దరిద్దరుగా విడిపోండి. రాత్రి అన్నం దగ్గర ఒక జట్టు చూసిన కథ రెండో జట్టుకి చెప్పాలి. చెప్తూ చెప్తూ ఎక్కడ తడబడ్డారో, ఏ సీను రెండుసార్లు చెప్పారో చూసుకుంటే, మర్నాడు ఆ దర్శకుడి సినిమా ఇంకోటి ఉంటే వెళ్లాలో వద్దో తెలిసిపోతుంది. జాబితా వచ్చాక ఇక్కడ పెట్టండి, నేను చూసినవో నాకు తెలిసిన దర్శకులవో ఉంటే చెప్తాను.